గాజు పలకలు

కొండ మీది గుమ్మటానికి నూట ముప్పై ఏళ్ళు,
యూనివర్సిటీకి దానికి రెట్టింపు.
న్యూ బెడ్‌ఫర్డ్ రేవులో తిమింగలాల నూనె అమ్మిన డబ్బని
మెట్ల దగ్గరి ఇత్తడి ఫలకం చెప్పదు.
"వెలుగు కోసం" అని మాత్రం
లాటిన్‌లో ఉంటుంది.

నా పని నేలమాళిగలో.
చెక్క అరల్లో, కాగితపు తొడుగుల్లో
నిలువుగా లక్షా పదివేల గాజు పలకలు.
పలకకో రాత్రి.
ఆకాశం తెల్లగా, చుక్కలు నల్లగా,
ఎవరో నువ్వుల చేట తిరగేసినట్టు.

ఆ నువ్వుల మధ్య సిరా.
బాణాలు, అంకెలు, అక్కడక్కడ ఒక ప్రశ్న గుర్తు.
గంటకి ఇరవై రెండు సెంట్లకి
కిటికీ వెలుతుర్లో వరసగా కూర్చున్న ఆడవాళ్ళు పెట్టినవి.
వాళ్ళ ఉద్యోగం పేరు కంప్యూటర్లు.
లెక్క వాళ్ళది.
టెలిస్కోపు ముట్టుకోకూడదు.
పట్టాలా, అవి పై అంతస్తులో
గడ్డాల పటాల కింద ఇచ్చేవారు.

"సిరా తుడిచెయ్యాలి" అంది డాక్టర్ హాల్వర్సన్.
మంచి మనిషి. ఆవిడ పట్టా ఇక్కడిదే.
"కింద చుక్కలున్నాయి కదా. ముందు ఫొటో తీస్తాం,
ఏదీ పోదు."
బ్లేడు, స్పిరిట్టు, మెత్తటి గుడ్డ.
గంటకి పంతొమ్మిది డాలర్లు.

చిన్నప్పుడు నేనూ పలక తుడిచాను,
ఉమ్మి తడితో, మోచేత్తో.
అ పోయేది, ఆ వచ్చేది.
ఎవరూ బాధపడలేదు.

ఆకులు రాలే నాటికి నాలుగు వేలు తుడిచాను.
చేతులు గుర్తుపట్టడం వచ్చింది.
సున్నాని కింది నుంచి మొదలుపెట్టే ఆవిడ,
ఏడుకి మొలతాడు కట్టే ఆవిడ.
ఏడు ఆవిణ్ణి జీతాల పుస్తకంలో వెతికాను:
లవీనియా క్రాస్‌వెల్.
ముప్పై ఏడేళ్ళ నౌకరీ.
సెలవులు: రెండు.

ఇవాళ ఆవిడ పలకొకటి వచ్చింది.
కృత్తికల పక్కన, చీమంత అక్షరాల్లో,
"ఇది నిన్న లేదు."
దాని కిందే, వేరే రోజు సిరాతో,
"ఉంది. నేను చూడలేదు."

దీపం మీద పెట్టి వంచి చూశాను.
"లేదు" అన్న మాట వెనక
నిజంగానే ఏదో నల్లగా, నలక కన్నా చిన్నది.
నక్షత్రం కావచ్చు.
దుమ్ము కావచ్చు.
పైన వార్షికోత్సవానికి బాకాలు ఊదుతున్నారు,
సున్నం పొడి నా పుస్తకం మీద రాలుతోంది.
చేతిలో గుడ్డ ఆరిపోయింది. మళ్ళీ తడిపాను.
మళ్ళీ ఆరింది.

ఫారంలో రాశాను:
పగులు ఉంది. తుడవరాదు.
పగులు ఎక్కడో రాయడానికి
ఆ ఫారంలో గడి లేదు.

తరవాతి పలక మబ్బు పట్టిన రాత్రి.
మూల మీద తేదీ ఒక్కటే ఉంది,
ఏడుకి మొలతాడు లేదు.
దాన్ని తుడిచాను.