ఆఖరి ట్రామ్ వెళ్ళాక

షెఫీల్డ్‌లో ఆఖరి ట్రామ్ వెళ్ళేదాకా
మా సూది పని మొదలుకాదు.
పైన రోడ్డు ఒక్కసారి గొంతు సవరించుకున్నా
ఈ సెల్లార్‌లో తెరమీది గీత
చలిజ్వరం వచ్చినట్టు వణుకుతుంది.

పన్నెండున్నర. ఫ్యాను కూడా ఆపేశాడు డెరిక్.
అభ్రకం పలక మీద చుక్క నీళ్ళు,
నీళ్ళ అడుగున అతుక్కుని కొవ్వు బుడగలు.
మందును కడుపులో దాచుకున్నవి,
ఒక్క వెంట్రుక మందంలో
వెయ్యి వరసగా నిలబడగలిగినవి.

మైక్రోస్కోపే గానీ దీనికి కన్ను లేదు.
ఉన్నదల్లా ఒక మునివేలు.
తడుముతుంది, ఆగుతుంది, నొక్కుతుంది,
ఎంత లొంగిందో రాసుకుంటుంది.

అన్నం ఉడికిందో లేదో
ఒక్క మెతుకు పట్టి చూస్తే చాలంటారు.
ఇక్కడ చాలదు.
ఒక మెతుకు ఉడికింది, పక్కది పలుకు,
దాని పక్కది సూది కిందే చితికి
గీత మీద చిన్న మెట్టు దిగి
దాచుకున్నదంతా నీళ్ళకిచ్చేసింది.
ఆ మెట్టు కనబడితే
నాకిప్పటికీ తప్పు చేసినట్టే ఉంటుంది.
నూట నలభై మూడు నొక్కాం.

డెరిక్ వాళ్ళ నాన్న ఈ ఊళ్ళోనే
ఉక్కు గట్టితనం కొలిచేవాడట.
దిమ్మె మీద గుండు పెట్టి అదిమి,
పడిన సొట్టను భూతద్దంలో చూసి
సుద్దముక్కతో అంకె వేసేవాడట.
ఆ సొట్టలో కందిబద్ద పట్టేదేమో.
మా సొట్టలో ఏం పడుతుంది?
"ఆయనకి గట్టిదే మంచిది. మరి మీకు?"
అడిగాడు డెరిక్, తెరమీంచి చూపు తిప్పకుండా.

సూటి జవాబు లేదు నా దగ్గర.
మరీ మెత్తనైతే దారిలోనే చిరుగుతుంది,
మరీ బిగిస్తే కణం గడప దాటాక కూడా
మూట విప్పకుండా కూర్చుంటుందేమో.
కొలెస్టరాల్ కాస్త పెంచితే బిగువు,
తగ్గిస్తే జారుడు.
సున్నుండకి నెయ్యి పోసినట్టే, అన్నాను,
చేతిలో నిలవాలి, నోట్లో విడిపోవాలి.
సున్నుండ అంటే ఏమిటన్నాడు.

ఐదున్నరకి మొదటి ట్రామ్ వచ్చి
గీతను చెరిపింది.
ల్యాబ్‌లో తినకూడదు గనక
బయట తడిమెట్ల మీద కూర్చుని డబ్బా తీశాను.
డెరిక్ వెంటనే తినలేదు.
బొటనవేలితో మెల్లగా నొక్కాడు,
ఇంకొంచెం నొక్కాడు,
అంచు పుటుక్కున విరిగి
పిండి ప్యాంటు మీద రాలింది.

"రాసుకో," అన్నాడు,
"నూట నలభై నాలుగు."