వేలాడే బుట్ట

పూర్ణామార్కెట్ వెనక సందులో మా కొట్టు.
ముప్పాతిక వంతు దేవుళ్ళు,
మిగతావి పోయినవాళ్ళ ఫొటోలు.
ఉప్పుగాలికి మేకులు నెల తిరక్కుండా తుప్పు పడతాయని
ఇత్తడివే వాడతాను.

మంగళవారం భీమిలి నుంచి కామేశం గారొచ్చారు,
ఓడల సరుకు లెక్కలు రాసి రిటైరైన మనిషి.
చుట్టచుట్టిన కాగితం విప్పి
లేచిపోయే మూలల మీద నా సుత్తీ, పటకారూ,
అద్దం కోసే వజ్రమూ, తన టీగ్లాసూ పెట్టారు.
"హాలెండు వాళ్ళ ఇల్లు. మూడొందల యాభై ఏళ్ళ కిందటిది."

ఇల్లా అది!
తల్లి బల్ల మీద తలవాల్చి నిద్దరోతోంది.
ఆమె నడుముకున్న సంచిలో చంటిది చెయ్యి దూర్చింది.
కుక్క వెన్నపళ్ళెంలో మూతి పెట్టింది.
పెద్దోడి నోట్లో తాత పొగగొట్టం,
తాత పొట్ట పట్టుకుని నవ్వుతున్నాడు.
నేల మీద గుడ్డుపెంకులు, ఆల్చిప్పలు,
తిరగబడ్డ ఒంటి చెప్పు.

పెన్ను మూతతో ఒక్కొక్కటీ చూపించారాయన.
ఆల్చిప్ప అంటే కామం. గుడ్డంటే అతకని పరువు.
పైన వాసానికి వేలాడే బుట్టలో
చంకకర్ర, బెత్తం, ముష్టివాడి చెక్కలు,
రేపు ఈ ఇంటి మీదికి దిగబోయేవి.
"ఆ పొగగొట్టానికి వాళ్ళకో సామెతుంది, తెలుగులో ఎలా చెప్పాలి..."
నేనే అందించాను:
ఆవు చేలో మేస్తే దూడ గట్టున మేస్తుందా!
"అదే, అదే!" అని బల్ల చరిచారు.
టీ ఒలికింది, తెల్ల అంచు మీదే, నయం.

"మరి ఈ తల్లో?"
"బద్ధకం. మూలం ఆవిడే.
ఇల్లాలు కునుకేస్తే ఇల్లు కూలుతుంది."

ఆయన వెళ్ళాక అద్దం తుడుస్తూ కూచున్నాను.
ఆ మాట దగ్గర మేకు దిగలేదు.

మా నూకరత్నం హార్బరు రొయ్యల షెడ్డులో
రాత్రంతా ఐసులో చేతులుంచి తలలు తుంచి
పొద్దున్న ఏడింటికొస్తుంది.
మధ్యాహ్నం మూడింటికి ఏ బొమ్మలేసేవాడో
మా గుమ్మంలో నిలబడితే
చాప మీద నోరు తెరుచుకుని ఆమె,
పర్సులో చిల్లర వెతుకుతూ చిన్నది,
పిల్లి ముట్టిన పులుసుదాక,
ఐసుకి తెల్లగా నానిపోయిన వేళ్ళు.
వేళ్ళని దగ్గరికొచ్చి చూస్తాడా వాడు?

మళ్ళీ బొమ్మలో వెతికాను, ఈ ఇంటి మొగుడెక్కడని.
ఉన్నాడు. కిటికీ పక్కన, గ్లాసెత్తి,
నేరుగా నా కళ్ళలోకి చూసి నవ్వుతూ.
వాడికి కామేశం గారు అర్థం చెప్పలేదు.

మొన్న మావాడు అగరొత్తి పుల్ల నోట్లో పెట్టుకుని
సిగరెట్టు కాల్చినట్టు పొగ వదిలితే
ఎవడు నవ్వాడు?
నేనే.

శుక్రవారానికి ఫ్రేము తయారు.
టీ మరక కప్పాలన్న వంకతో
పై అంచు అరంగుళం కిందికి దించాను.
బుట్ట కనబడదు.
కామేశం గారు డబ్బిచ్చి, చంకలో పెట్టుకుని
భీమిలి బస్సెక్కారు.
ఇంకా గమనించినట్టు లేదు.