రెండు చేతులు

చీమకుర్తి యార్డులో
పలకల మీద నీళ్లు కొట్టి
నల్లరాతిలో చుక్కలు చూపిస్తన్నాం,
కొరియా నించి వచ్చిన యూన్ గారికి.

దానమ్మ టీ తెచ్చింది.
గ్లాసుని ఆయన రెండు చేతుల్తో అందుకున్నాడు,
తల కాస్త వంచి.
ఆమె చెయ్యి గాల్లోనే ఉండిపోయింది.

పన్నెండేళ్లుగా ఆ గ్లాసు
బల్ల మీద పెట్టించుకుని తాగినోణ్ణి నేను.
"ఏమే" తప్ప ఇంకో పిలుపు ఎరగను.

దుబాసీ కుర్రాడు చెప్పాడు:
వాళ్ల పెద్దోళ్లు అంటారంట,
పోయే మాట అందంగా ఉంటేనే
వచ్చే మాట అందంగా ఉంటదని.
మా నాయనమ్మా అనేది,
నోరు మంచిదైతే ఊరు మంచిదని.
అంటానే, పాలేరు దోసిట్లోకి
గుమ్మం మీద నించి
ఎత్తిపోసేది నీళ్లు.

రాయి కొలిచాం. ధర కుదర్లేదు.
ఆయన కారెక్కి ఒంగోలు వెళ్లిపోయాడు.

శనివారం టీ లెక్క.
నోట్లు బల్ల మీద పెట్టబోయి, ఆగి,
రెండు చేతుల్తో చాచాను.
"దానమ్మగారూ" గొంతులోనే ఇరుక్కుంది.

ఆమె ఓ అడుగు వెనక్కేసింది.
తర్వాత తీసుకుని,
ఒక్కో నోటూ
ఎండకెత్తి చూసుకుంది,
చెల్లుద్దో లేదోనని.