పాజ్‌లో పిల్లాడు

నరసాపురం రేవులో పంటు దిగి
చెప్పుల్లో ఇసుక దులుపుకునేసరికే తొమ్మిదింపావు.
ల్యాబులో పదకొండు కంప్యూటర్లు, ఇరవై ఇద్దరం.
నాకూ రత్నకుమారికీ కలిపి ఒక మౌసు,
ఒక పిల్లాడు.

పేరు రోహన్ అట. నాలుగేళ్లు.
ఇస్త్రీ చెడని చొక్కా, కారని ముక్కు.
బడి తలుపు దగ్గర నిలబడి ఏడుస్తాడు.
కింద మూడు గళ్లు:
ఎత్తుకుంటారా, బొమ్మ చూపిస్తారా,
పక్కన కూర్చుని ఆగుతారా.

మొదటిసారి ఎత్తుకున్నాను. నలభై మార్కులు.
బొమ్మ చూపించాను. యాభై అయిదు.
"మా అత్తయితే బూచోడొస్తాడనేది,
ఆ గడి లేదేంటే" అంది రత్నకుమారి.
మేడమ్ కూడా నవ్వేసింది.

మూడోది నొక్కితే తెర మీద ఏమీ జరగదు.
గుండ్రటి గీత ఒకటి మెల్లగా తిరుగుతుంది, అంతే.
ఎనిమిది సెకన్లకే నా వేలు దురద పెట్టింది.
నొక్కేశాను.
మళ్లీ మొదట్నించి.
వాడు ప్రతిసారీ కొత్తగా ఏడ్చాడు,
నా తప్పు ఒక్కటీ గుర్తులేనట్టు.

ఏడోసారి, వాడు నోరు తెరిచి ఉండగా, కరెంటు పోయింది.

సాయంత్రం పంటు మీద
మోటారు సైకిళ్లకీ కొబ్బరి బస్తాలకీ మధ్య నిలబడి
లేనివాడి గురించి దిగులుపడ్డాను.
నోరు అలాగే ఉండిపోయుంటుందా అని.
ఎవరికి చెప్తాం ఇలాంటివి.

జూన్‌లో నన్ను అంతర్వేది దారిలో ఒక అంగన్‌వాడీకి వేశారు.
దీవెన వాళ్ల నాన్న రొయ్యల చెరువు కాపలా.
తలుపు దగ్గరే నిలబడిపోయింది ఆ పిల్ల,
ఏడవను కూడా ఏడవకుండా,
గౌను అంచు నములుతూ.
గళ్లు లేవు.
పొయ్యి మీద పప్పు పొంగుతోంది.
వెనక ఒకడు ఇంకొకడి చెవి కొరికాడు.

కింద కూర్చున్నాను.
గచ్చు ఎంత చల్లగా ఉంటుందో ల్యాబులో ఎవరూ చెప్పలేదు.
తిరిగే గీత లేదు కనక
లోపలే లెక్కపెట్టుకున్నాను, అరవై దాకా,
మళ్లీ మొదట్నించి.
ముప్పై ఏడు దగ్గర ఆయా కేకేసింది, లెక్క తప్పింది.
తప్పిన చోటునుంచే పెట్టుకుంటూ పోయాను.

ఎప్పుడో, నా మోచేతికి
తడి గౌను అంచు ఆనింది.
తిరిగి చూడలేదు. చూస్తే పోతుందని.

మార్కులెన్నో తెలియదు.
పప్పు అడుగంటింది.
చెవి కొరికినవాణ్ణి అడగడం
ఇంకా మిగిలే ఉంది.