సన్మాన పత్రం, మూడో ప్రూఫు

చిత్తూరు చర్చి వీధిలో ముప్పై ఏళ్లుగా ప్రెస్సు నాది.
ఊళ్లో ఎవరికి శాలువా కప్పినా
పక్కన ఫ్రేము కట్టి చదివే మాటలు నావే.
అపర భగీరథా, విద్యాదాన కర్ణా, సేవాధురంధరా,
బిరుదులు సొరుగులో సిద్ధంగా ఉంటాయి,
పేరు మారిస్తే చాలు,
అంచున మామిడి పిందెల డిజైను అదే.

ఈసారి పెన్షనర్ల సంఘం తెచ్చిన పేరు
పూతలపట్టు మునిరత్నం.
విదేశాంగ శాఖలో ముప్పై నాలుగేళ్లు.
ఏం చేశారని రాయాలి సార్ అంటే
కార్యదర్శి తల గోక్కున్నాడు.
"యుద్ధం రాకుండా చేసినాడంట."
యాడ?
"రాలేదు గదా, యాడని చెప్పేది?"

గెలిచినవాడికి గుర్రం మీద విగ్రహం కట్టొచ్చు,
పోయినవాడి పేరు బడికి పెట్టొచ్చు.
జరగని దానికి తేదీ లేదు, ఫొటో లేదు,
నా సొరుగులో మాట కూడా లేదు.

పోయి చూస్తే
బెల్లం మండీలో అచ్చు గోటితో గిల్లి
నోట్లో వేసుకుని కళ్లు మూసుకుని ఉన్నాడు పెద్దాయన.
"మా నాయన కొప్పెర కాడ పాకం చూసేవాడు అబ్బయ్యా.
పిప్పి మంట ముందు రాత్రంతా కాపలా.
దించే గడియ ఒకటే ఉంటాది,
అంతకు ముందు నీళ్లు, ఆ తర్వాత రాయి.
నేను చేసిందీ ఆ పనే, కోటు తొడుక్కున్యానంతే."

మొదటి సమావేశంలో
అవతలి దేశపాయన మంచినీళ్లు కూడా ముట్టలేదట.
ఈయన సంచిలోంచి బెల్లం ముద్ద తీసి
రెండుగా విరిచి, రెండూ ముందు పెట్టి
"ఏది కావాలో నువ్వే తీసుకో" అన్నాడట.
మిగిలిన ముక్క తను తిన్నాడు.

ఆ తర్వాత పదకొండేళ్లు.
మోకాళ్ల నొప్పులు, కూతుళ్ల పెళ్లిళ్లు,
ఏటా ఒక పొట్లం బెల్లం పోయేది,
ఏటా ఒక పొట్లం ఎండు పండ్లు వచ్చేవి.
"చెప్పకూడనిది ఉంటే చెప్పలేనన్యాను.
అబద్ధం మాత్రం ఒక్కటీ చెప్పలేదు.
నేను కూడబెట్టింది అదే."

ఒక శీతాకాలం, మంచులో, ఏటి మలుపులో
ఒక్క తుపాకీ పేలింది.
రెండు ఒడ్లలో వేల బూట్ల లేసులు బిగుసుకుంటున్నాయి.
రెండూ పదికి ఫోను.
"మావాళ్లు కావాలని చేసింది కాదు."
సాక్ష్యం లేదు, సంతకం లేదు,
తెలిసిన గొంతు, కొంచెం దగ్గు.
నమ్మి, పైవాళ్ల కాళ్లూ గడ్డాలూ పట్టుకుని
తెల్లారేదాకా గడువు అడిగాడు.
తెల్లారింది.
కునికిపాటులో వేలు జారిన పిల్లోడు ఒకడు, అంతే.
ఆ రోజు పేపర్లో ఉల్లిపాయల ధర పడింది.

ఏ ఏడు సార్ అది, అన్నాను.
చెప్పాడు.
టీ గ్లాసు కింద పెట్టేశాను.
మా అక్క కొడుకు ఢిల్లీబాబు
ఆ ఏడు ఆ కొండల్లోనే ఉన్నాడు.

మొదటి ప్రూఫులో బిరుదులన్నీ కొట్టేశాడు పెద్దాయన.
రెండో ప్రూఫులో "ఆపిన" దగ్గర ఆగాడు.
"ఒంటి చేత్తో ఆగేది కాదు నాయనా.
ఆయన పేరూ ఉండాల.
వేస్తే అక్కడ ఆయనకు కష్టం.
అంత చోటు వదులు."

వదిలాను. ఎన్ని అక్షరాలో అడిగి
కొలిచి మరీ వదిలాను.

ఢిల్లీబాబు ఇప్పుడు గ్రీమ్స్‌పేటలో పంక్చర్లు వేస్తాడు,
సాయంత్రం కూతురికి ఎక్కాలు అప్పజెప్పించుకుంటాడు.
ఫ్రేము హాలుకు చేర్చమంటే బండి తెచ్చాడు.
అద్దం మీద నూనె వేళ్లు పడకుండా
మణికట్లతో ఎత్తుకుని
గుమ్మంలో ఆగిపోయాడు.
"మామా, ఇక్కడ పేరు పక్కన అచ్చు పడలేదే?"

పడింది లేరా.
బరువు చూసుకో, మెల్లగా పో.