గోడ ఒంకర

మర్రిపాలెంలో మూడో అంతస్తు.
నాలుగడుగుల వెడల్పు, ఆరున్నర పొడుగు మా స్నానాలగది.
తల తుడుచుకోబోతే మోచెయ్యి గీజరుకి తగుల్తుంది.
పదకొండేళ్లుగా నీళ్లకి తెలీదు ఎక్కడ ఆగాలో.
కమోడు మీదా, ఆరేసిన తువ్వాలు మీదా,
గుమ్మం దాటి హాల్లో పేపరు మీదా.

సన్నిబాబు వచ్చాడు
చెవి మీద పెన్సిలు, చంకలో రసమట్టం.
గోడకానించి, లోపలి బుడగ ఎటు జారుతుందో
నాడి చూసినంత సేపు చూశాడు.
"ఏటమ్మా, గోడ నిటారుగా నేదు.
కిందకీ పైకీ తొమ్మిది మిల్లీమీటర్లు తేడా."
నేనే ఏదో తప్పు చేసినట్టు సిగ్గేసింది.
ఇన్నేళ్లూ ఆ గోడకే వీపు ఆన్చి
కళ్లు మూసుకుని నిలబడ్డాను,
ఒక్కనాడూ ఒరగలేదే!

మడమ దగ్గరోసారి, నడుం దగ్గరోసారి,
తలకి పైన ఇంకోసారి టేపు లాగాడు.
జాకెట్లు కుట్టే వరాలు కూడా
ఇంత శ్రద్ధగా నన్ను కొలవలేదు.

తలుపు లోపలికి తెరిస్తే కమోడు.
బయటికి తెరిస్తే వాష్ బేసిన్.
పక్కకి జరిపేదైతే కింద సన్న కాలవ,
అందులో సబ్బూ, వెంట్రుకలూ, ఉప్పూ.
ఉప్పు గురించి ఈ ఊళ్లో ఎవరికీ చెప్పక్కర్లేదు.
కిటికీ గొళ్లెం తింటుంది, సైకిలు గొలుసు తింటుంది,
బీరువా తాళంచెవిని నాకి నాకి వదుల్తుంది.
సముద్రం మన వీధికి రాదు,
దాని నాలుక వస్తుంది.
"మామూలు స్టీలు రెండు వానాకాలాలమ్మా.
మూడొందల పదారు నంబరైతే మన్నుతాది.
ధర సూసి బెంగెట్టుకోకండి."
బెంగ అప్పటికే పెట్టుకున్నాను.

ఈయన మసకద్దం వేయిద్దామన్నారు.
పరువు అని కూడా అన్నారు.
గడియ వేసిన గదిలో ఉండేది నేనొక్కదాన్నే,
చూసేది గీజరొక్కటే.
ఎవరి పరువో తేలక కాఫీలు తాగాం.

అసలు మాట ఎవరికీ చెప్పలేదు.
నాకు అద్దమే వద్దు.
హుద్‌హుద్ నాడు పెదవాల్తేరులో
బాల్కనీ అద్దాలు ఇంట్లోకొచ్చి పడ్డాయి
పిలవని చుట్టాల్లా, అన్నీ ఒకేసారి.
ఏడాది తర్వాత కూడా చేటలో బియ్యం మెరిస్తే
వేలు దానంతటదే వెనక్కి పోయేది.

సన్నిబాబుకి ఎలా తెలిసిందో,
సంచీలోంచి అగ్గిపెట్టె తీసి నా అరచేతిలో ఒంపాడు.
పటికబెల్లం పలుకుల్లా పగిలిన గాజు.
"నొక్కి సూడండి."
నొక్కాను. గుచ్చుకుంది గానీ కొయ్యలేదు.
"బట్టీలో బాగా కాల్చి
ఒక్కపాలి చల్లగాలి కొడతారు. పగిలితే ఇలాగే పగుల్తాది.
ఒకటేనమ్మా, కాలింతర్వాత మరి కొయ్యలేం,
బెజ్జం పెట్టలేం. నూలంత ఎక్కువైనా పారీడమే.
అందుకే గోడ ఒంకరంతా
ముందే దానికి సెప్పీయాల."

ఆ ముక్కలు చాలాసేపు చేతిలోనే ఉంచుకున్నాను.
తర్వాత నేనే చెప్పాను:
తలుపొద్దు.
రెండున్నర అడుగుల ఒక్క పలక,
పది మిల్లీమీటర్ల మందం, తేటగా.
గోడవైపు అంచు గోడలా ఒంకరగా,
నావైపు అంచు నిటారుగా.
ఈయన ఏదో అనబోయి
కప్పులు సింకులో పెట్టడానికెళ్లారు.

పదహారు రోజులకి ఇద్దరు మనుషులు
లిఫ్టులో పట్టక మెట్లమీద అడ్డంగా,
పసిపిల్లని మోసినట్టు తెచ్చారు.
సన్నిబాబు సందులో సిలికాను నింపి
బొటనవేలితో నిమిరాడు.
రోజంతా నీళ్లు తగలకూడదట.
పక్కింటి అనసూయమ్మగారింట్లో స్నానాలు చేశాం.

మర్నాడు మొదట నేనే.
ఆవిరి కమ్మి అద్దం తెల్లబడింది.
ఈయన అడిగిన మసక
పైసా ఖర్చు లేకుండా వచ్చి
పది నిమిషాల్లో పోయింది.
తర్వాత చుక్కలు ఒక్కొక్కటే దిగాయి,
తూకం గుండు వదిలినట్టు సూటిగా.
పక్కన గోడ దాని ఒంకరలో అది ఉంది.

హాల్లో పేపరు పొడిగా ఉంది.
రబ్బరు వైపరు ఒకటి కొక్కేనికి తగిలించి పోయాడు సన్నిబాబు.
రోజూ తుడవాలట,
ఉప్పు కదా.