వెనక తెల్లగా ఉండాలి

ఫోన్లో చినుకు బొమ్మ వేసిన రోజున ఎండ కాసింది.
ఎండ బొమ్మ వేసిన రోజున
ఉదయగిరి దుర్గం ఎక్కుతూ
సగం దారిలో నిలువునా తడిశాను.
ఇది నాలుగో తెల్లవారుజాము.
బంగాళాఖాతంలో వాయుగుండం ఎటు తిరుగుతుందో
దానికే ఇంకా తెలియదు.

మూడున్నరకి బండి స్టాండేసి
కొయ్య గరిటెలు చెక్కేవాళ్ళ వీధి దాటాను.
మెడలో సెకండ్‌హ్యాండ్ కెమెరా,
భుజాన పెళ్ళిళ్ళకు వాడే మూడుకాళ్ళ స్టాండు,
లెన్సు తుడవడానికి మా ఆవిడ పాత నూలు చీర ముక్క.
కుక్క ఒకటి మొదటి బురుజుదాకా వచ్చి
నా పని మీద నమ్మకం లేక తిరిగిపోయింది.

కింద స్టూడియోలో వెలుతురు నా మాట వింటుంది.
గొడుగులు రెండు, స్విచ్చులు మూడు.
పెళ్ళికూతురి ముక్కు పక్కన నీడ పడితే
గొడుగు ఇటు జరిపితే చాలు.
ఇక్కడ ఎవర్ని జరగమనను?

ఐదుంబావు. కోటగోడ కనపడలేదు.
ఐదున్నర. చాపిన చెయ్యి కనపడలేదు.
మంచు లోయలోంచి ఎక్కివచ్చి
స్టాండు కాళ్ళు కడిగి
లెన్సు మీద కూర్చుంది.
తుడిచాను. కూర్చుంది. తుడిచాను.

ముందు గంట వచ్చింది.
తర్వాత వాసన, తర్వాత గొర్రె,
ఆ తర్వాతే మనిషి.
"ఏందబ్బయా, ఏమీ అగపడకపోతే
ఈడ ఏం తీస్తుండావు?"
"సూర్యుడొస్తే తీద్దామని."
"వస్తాడు. ఈరోజు రాకపోతే రేపొస్తాడు.
అంతలోకి నాదొకటి తియ్యి, పింఛను కాయితానికి.
ఆఫీసులో ఆయమ్మ చెప్పింది,
వెనక తెల్లగా ఉండాలంట."

ఆయన వెనక్కి చూశాను.
బురుజు లేదు. కోట లేదు. కొండే లేదు.
పదమూడేళ్ళుగా స్టూడియోలో తెల్లగుడ్డకి
ఇస్త్రీ చేస్తున్నాను, నడిమి మడత పోదు.
దీనికి మడత లేదు.

రాయి మీద కూర్చోబెట్టి తలగుడ్డ తీయించాను.
"గడ్డం కొంచెం దించు. నవ్వొద్దు."
"నవ్వేదానికేముండాది," అని నవ్వాడు.
రెండు తీశాను. రెండిట్లోనూ కళ్ళు మూశాడు.
మూడోదానికి వేలు ఆనించానో లేదో
నా వీపు వెచ్చబడింది.

ఆయన ముఖం తోమిన రాగిచెంబైంది.
గొర్రెల చెవుల అంచులు
ఒక్కొక్కటే అంటుకుంటున్నాయి.
నా నీడ పొడుగ్గా వెళ్ళి ఆయన మోకాళ్ళ మీద పడింది.
"అడుగో వచ్చినాడు, తిరగవా అబ్బయా?"

తిరగలేదు.
ఎందుకో ఇప్పటికీ చెప్పలేను.
నాలుగు రోజులు కాచుకున్నది
నా వెనకే జరిగిపోతుంటే
ఈ మనిషి రెప్ప వేస్తాడేమోనని చూస్తూ నిలబడ్డాను.
నొక్కాను.
తిరిగేసరికి తూర్పున మబ్బు తలుపేసుకుంటోంది.
సందులో ఎర్రటి నూలుపోగు.
అదీ పోయి, చినుకు.

డబ్బులొద్దంటే
రెండు సీతాఫలాలు చేతిలో పెట్టాడు.
గుర్తుకోసం బ్యాటరీ అట్టపెట్టె మీద పేరు రాసుకున్నాను,
వెలుగొండయ్య, పాస్‌పోర్టు సైజు, ఎనిమిది.

రాత్రి కంప్యూటర్లో పెద్దది చేసి చూస్తే
సీతాఫలం గింజలాంటి ఆ నల్లగుడ్డులో
ఆవగింజంత సూర్యుడు,
దానికింద పంటిగాట్లలా కొండల వరస,
అడ్డంగా, మూడు కాళ్ళతో, నేను.

ఆఫీసులో తీసుకోలేదు.
ముఖం మరీ ఎర్రగా ఉందట,
కళ్ళల్లో ఏందో మెరుస్తోందట.
స్టూడియోలో గొడుగుల కింద మళ్ళీ తీశాను.
వెనక మడత కనిపిస్తోంది.
అది సరిపోతుందన్నారు.

రేపటికి ఫోన్లో ఎండ బొమ్మ ఉంది.
సంచీలో గొడుగు పెట్టుకున్నాను,
వానది.